గామా కిరణములు - కాంప్టన్ రొద

రాత్రివేళ రేడియో ముందు కూర్చుండి దూరదేశపు స్టేషనును వెదకువారికి ఒక సంగతి బాగుగ తెలియును. ఆ స్టేషను మనకు వినబడుట అచ్చటి ప్రసారిణి బలముమీద మాత్రమే ఆధారపడి ఉండదు. మన యింటి రేడియోలో గరగర ఎంత ఉన్నదనుదానిమీద కూడ ఆధారపడి ఉండును. గరగర హెచ్చినచో ఉన్న పాట కూడ లేనట్లే అగును. అది తగ్గినచో సన్నని గొంతు కూడ స్పష్టముగ వినబడును. "ఈ చోట ఏ స్టేషనును లేదు" అని నిశ్చయముగ చెప్పదలచినవాడు మొదట రొదను అణచుకొనవలెను. గామా కిరణములను కొలుచు శాస్త్రజ్ఞులకు గల చిక్కు కూడ సరిగా ఇదియే. వారి పరికరములలో కలుగు రొదలో పెద్ద భాగమునకు కారణము కాంప్టన్ పరిక్షేపణము అనునది. ఆ రొద ఎట్లు పుట్టునో, దానిని ఎట్లు అణచుదురో, అందువలన మనకు కలుగు లాభమేమో ఈ ప్రసంగమున చూతము.

ఇది పరిశోధనశాల గోడల నడుమనే ముగిసిపోవు విషయము కాదు. 1986 ఏప్రిల్ 26వ తేదీన సోవియట్ యూనియనులోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రమున ప్రమాదము జరిగినప్పుడు సీసియము-137 అను రేడియోధార్మిక పదార్థము గాలిలో కలిసి ఐరోపా ఖండమున అనేక దేశముల పచ్చికబయళ్ళమీద పడెను. పశువులు ఆ పచ్చికను మేసినవి. పాలలోనికి సీసియము వచ్చినది. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమాయందు ప్రమాదము జరిగినప్పుడు మరల అదే ప్రశ్న పుట్టినది: ఈ పాలను బిడ్డకు పట్టవచ్చునా? జపాను ప్రభుత్వము 2012 ఏప్రిల్ నుండి సాధారణ ఆహారమున కిలోగ్రాముకు 100 బెకరెలులు, పాలలోను పసిబిడ్డల ఆహారములోను 50 బెకరెలులు మించరాదని నిర్ణయించినది. సెకనుకు ఒక పరమాణు కేంద్రకము విచ్ఛిన్నమగుటయే ఒక బెకరెలు. నిర్ణయము చేయుట ఒక యెత్తు. కిలో పాలలో సెకనుకు జరుగు ఆ కొద్దిపాటి విచ్ఛిన్నములను కనిపెట్టి లెక్కించుట మరియొక యెత్తు.

గామా కిరణము కాంతి వంటిదే. కాని దాని శక్తి మన కంటికి కనబడు కాంతిశక్తికి లక్షల రెట్లుండును. రేడియోధార్మిక పరమాణువుల కేంద్రకమునుండి అది వెలువడును. ప్రతి రేడియోస్టేషనుకును తనదైన తరంగదైర్ఘ్యము ఉన్నట్లే, గామా కిరణముల నిచ్చు ప్రతి కేంద్రకమునకును తనవైన శక్తివిలువలు కొన్ని ఉండును. ఈ శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టులలో కొలుతురు. ఇకముందు మనము సౌకర్యమునకై వానిని "యూనిట్లు" అని మాత్రమే చెప్పుకొందము. సీసియము-137 పంపు కిరణమునకు 662 యూనిట్ల శక్తి. పొటాసియము-40 పంపు కిరణమునకు 1461 యూనిట్లు. కోబాల్టు-60 రెండు కిరణములను వెంట వెంటనే పంపును: ఒకటి 1173, రెండవది 1332 యూనిట్లు. కావున వచ్చిన కిరణముల శక్తిని సరిగా కొలువగలిగినచో ఏ పదార్థము ఎంత ఉన్నదో చెప్పవచ్చును. ఇట్లు కొలుచు పరికరమే గామా వర్ణపటమాపకము.

ఆ పరికరమునకు గుండెకాయ వంటిది ఒక స్ఫటికము. 1948లో అమెరికాలో రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్ అను శాస్త్రజ్ఞుడు, స్వల్పముగ థాలియము కలిపిన సోడియం అయొడైడు స్ఫటికము గామా కిరణము తగిలినప్పుడు చక్కగ మెరయునని కనుగొనెను. మెరుపు ఎంత ప్రకాశముగ నున్నదో స్ఫటికములో పడిన శక్తి అంత. ఆ మెరుపును విద్యుత్ స్పందనముగ మార్చి, స్పందనము ఎత్తునుబట్టి వేరు వేరు గడులలో లెక్కపెట్టుదురు. సీసియము కిరణములు తమ శక్తి నంతయు స్ఫటికమునకు అర్పించినచో, 662 యూనిట్ల గడివద్ద గణనలు గుట్టగా పేరుకొని ఒక శిఖరము ఏర్పడును. 1960 తరువాతి సంవత్సరములలో జెర్మేనియము స్ఫటికములు వచ్చినవి. వీనిని ద్రవనత్రజనితో సున్నకు దిగువ 196 డిగ్రీలకు దగ్గరగా చల్లబరచి వాడుదురు. సోడియం అయొడైడులో సీసియపు శిఖరము సుమారు 45 యూనిట్ల వెడల్పుతో కొండవలె నుండగా, జెర్మేనియములో అది ఒకటి రెండు యూనిట్ల వెడల్పుతో సూదివలె నిలుచును.

ఇంతవరకు అంతయు బాగుగనే ఉన్నది. కాని "కిరణము తన శక్తి నంతయు స్ఫటికమునకు అర్పించినచో" అని మనము అన్న మాటలోనే చిక్కు కలదు. అన్ని కిరణములును అట్లు చేయవు. కొన్ని మాత్రమే ఒక్క పరమాణువుచే పూర్తిగా మ్రింగబడును. తక్కినవానిలో అనేకములు స్ఫటికములోని ఒక ఎలక్ట్రానును ఢీకొని, కొంత శక్తిని దానికిచ్చి, దారి మార్చుకొని బయటికి తప్పించుకొని పోవును. పిల్లలు గోలీలాడునప్పుడు ఒక గోలీ నిశ్చలముగ నున్న మరియొక గోలీని తాకిన తీరు ఇది. తాకిన గోలీ తన వేగములో కొంత రెండవదానికిచ్చి ప్రక్కకు మరలును. ఎంత ఇచ్చునది తగిలిన వాటమునుబట్టి ఉండును. అంచున రాచుకొని పోయినచో స్వల్పము. ఎదురుగ తగిలినచో ఎక్కువ. ఇదియే కాంప్టన్ పరిక్షేపణము.

కాంతి గోలీవలె ప్రవర్తించునను మాట 1920 ప్రాంతమున చాలమంది శాస్త్రజ్ఞులకు రుచింపలేదు. కాంతి తరంగమని అప్పటికి నూరేండ్లుగ ప్రయోగములు చెప్పుచున్నవి. అట్టి కాలమున అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆర్థర్ హాలీ కాంప్టన్ ఎక్స్-కిరణములను గ్రాఫైటు ముక్కమీదికి పంపి, ప్రక్కలకు మరలివచ్చిన కిరణముల తరంగదైర్ఘ్యమును కొలిచెను. అది మొదటిదానికంటె పెరిగియుండెను. అనగా కిరణము కొంత శక్తిని పోగొట్టుకొన్నది. లంబదిశలో మరలిన కిరణమునకు పెరుగుదల 0.024 ఆంగ్‌స్ట్రాములు. కిరణము శక్తియు వేగభారమును గల ఒక కణిక యనియు, అది ఎలక్ట్రానుతో ఢీకొన్నదనియు భావించి లెక్కించినచో సరిగా అదే విలువ వచ్చినది. కాంప్టన్ ఈ ఫలితమును 1923లో ప్రకటించెను, 1927లో సి.టి.ఆర్. విల్సన్‌తో కలిసి నోబెల్ బహుమానమును పొందెను. మన దేశమున సి.వి. రామన్ 1928లో తన క్రొత్త వికిరణమునుగూర్చి "నేచర్" పత్రికకు వ్రాసిన లేఖకూడ కాంప్టన్ గమనించిన ఎక్స్-కిరణ పరిక్షేపణమును స్మరించియే ప్రారంభమగును.

ఇపుడు ఆ గోలీల లెక్కను మన సీసియమునకు అన్వయింతము. 662 యూనిట్ల కిరణము ఎలక్ట్రానును తాకి లంబదిశకు మరలినచో దానికి 288 యూనిట్లు మిగులును. తక్కిన 374 యూనిట్లు స్ఫటికములో పడును. ఎదురుగ తగిలి వచ్చిన దారినే వెనుకకు మరలినచో 184 యూనిట్లు మాత్రమే మిగులును. 477 యూనిట్లకు కొంచెము పైగా స్ఫటికములో పడును. ఒక్క తాకుడులో ఇంతకు మించి ఎలక్ట్రానుకు దక్కదు. కావున ఒకే శక్తి గల కిరణములు వచ్చినను మన పరికరము ఒక్క శిఖరమును మాత్రమే చూపదు. సున్ననుండి 477 వరకు ఎడతెగని మెట్టవంటి గణనల రాశిని కూడ చూపును. 477వద్ద ఆ మెట్ట గట్టు తెగినట్లు దిగిపోవును. దానిని కాంప్టన్ అంచు అందురు. మెట్టమీద నున్న ప్రతి గణనయు ఒక అబద్ధపు సాక్ష్యము వంటిది. అచ్చట 300 యూనిట్లని వ్రాయబడియున్నంతమాత్రమున 300 యూనిట్ల కిరణము వచ్చినదని అర్థము కాదు. పెద్ద కిరణమొకటి వచ్చి, కొంత విడిచి, తప్పించుకొని పోయినదని అర్థము.

ఈ అబద్ధపు సాక్ష్యము పాల విషయమున ఎట్లు అడ్డువచ్చునో చూడుడు. పాలలో సహజముగనే పొటాసియము ఉన్నది. లీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాములు. అది బిడ్డకు కావలసిన పోషకమే. కాని భూమిమీది పొటాసియమంతటిలోను పదివేల పరమాణువులకు ఒకటి కంటె కొంచెము ఎక్కువగా పొటాసియము-40 కలదు. దాని అర్ధాయువు సుమారు 125 కోట్ల సంవత్సరములు. గ్రాము పొటాసియమునకు సుమారు 31 బెకరెలుల చొప్పున లీటరు పాలలో 45 లేక 50 బెకరెలుల సహజ రేడియోధార్మికత ఉండును. పాలపొడిలో నీరు పోవుటచే అది కిలోగ్రాముకు 400 మొదలు 500 వరకు ఉండవచ్చును. 70 కిలోల బరువు గల మనిషి శరీరములో సుమారు 4000 బెకరెలులు ఉండును. ఇందులో భయపడవలసినది ఏమియు లేదు. మానవుడు పుట్టిననాటినుండియు ఇట్లే ఉన్నాడు. కాని పొటాసియపు కిరణముల శక్తి 1461 యూనిట్లు. వాని కాంప్టన్ మెట్ట సున్ననుండి 1243 వరకు పరచుకొని ఉండును. సీసియపు 662 సరిగా ఆ మెట్ట నడుమ పడును. అమాయకమైన పొటాసియము వేసిన తెరవెనుక సీసియము దాగియుండును.

తెర ఉన్నంతమాత్రమున దానిని లెక్కవేసి తీసివేయరాదా అని అడుగవచ్చును. తీసివేయుదురు. కాని అది పూర్తిగా తీరు పని కాదు. రేడియోధార్మిక విచ్ఛిన్నములు వానచినుకులవలె క్రమము లేక జరుగును. ఒక చోట సగటున 10,000 గణనలు రావలసియున్నచో, ఒకమారు 9,900, మరియొకమారు 10,100 వచ్చుట సహజము. ఈ ఊగిసలాట గణనల సంఖ్యకు వర్గమూలమంత ఉండునని సంభావ్యతా శాస్త్రము చెప్పును. 10,000కు వర్గమూలము 100. అట్టి రొదలో 60 గణనల సీసియము ఉన్నను లేకున్నను మనకు తేడా తెలియదు. రొదను నాలుగవ వంతునకు, అనగా 2,500కు, తగ్గించినచో ఊగిసలాట 50కి దిగును. రొద నాలుగు రెట్లు తగ్గినచో మన చూపు రెండు రెట్లు పదునెక్కునన్నమాట. రొదను తగ్గింపక, ఎక్కువకాలము లెక్కించియు ఆ పదునును పొందవచ్చును. కాని ఒక గంటలో తేలవలసిన నమూనాకు నాలుగు గంటలు పట్టును. ప్రమాదము జరిగిన నాడు పరిశోధనశాల వాకిట వందలకొలది నమూనాలు వరుసకట్టి యున్నప్పుడు ఆ నాలుగు గంటలు చాల ఖరీదైనవి.

రొద నమూనానుండియే కాక చుట్టుప్రక్కలనుండియు వచ్చును. మనము నివసించు నేలలో, ఇటుకలో, రాతిలో యురేనియము, థోరియము, పొటాసియము స్వల్పముగ నున్నవి. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు బండలలోను, మన ఉత్తర సముద్రతీరమున భీమునిపట్టణము మొదలగు చోట్ల మోనజైటు కలిసిన ఇసుకలోను అవి సాధారణపు నేలలోకంటె హెచ్చుగనే ఉన్నవి. నేలనుండి వెలువడు రాడాన్ వాయువు గదిలో నిండి తన సంతతియైన బిస్మతు-214 ద్వారా 609 యూనిట్ల కిరణమును పంపును. ముతక పరికరములో అది సీసియపు శిఖరముతో దాదాపు కలిసిపోవును. ఆకాశమునుండి విశ్వకిరణములు ఎడతెగక పడుచుండును. వీనినుండి రక్షణకై స్ఫటికము చుట్టును పది సెంటీమీటర్ల మందము గల సీసపు గోడలు కట్టుదురు. కిరణములు తగిలి సీసము స్వయముగ వెలువరించు ఎక్స్-కిరణములను ఆపుటకు లోపల రాగి మొదలగు లోహపురేకులను తొడుగుదురు. స్ఫటికమును చల్లబరచు ద్రవనత్రజనినుండి ఆవిరియగు వాయువునే పెట్టెలోనికి పంపి రాడాన్‌ను వెడలగొట్టుదురు.

సీసములోనే ఒక లోపము కలదు. క్రొత్తగా కరగించిన సీసములో సీసము-210 అను రేడియోధార్మిక రూపము ఉండును. దాని అర్ధాయువు 22 సంవత్సరములు. కావున సీసము ఎంత పాతదైన అంత మేలు. ఇటలీలోని గ్రాన్ సాస్సో పర్వతము క్రింది పరిశోధనశాలకు 2010లో సార్డీనియా ద్వీపపు పురావస్తు ప్రదర్శనశాలనుండి 120 సీసపు దిమ్మెలు పంపబడినవి. అవి సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట మునిగిన రోమను ఓడలోనివి. సముద్రగర్భమున అన్ని శతాబ్దములు పడియుండుటచే వానిలోని సీసము-210 దాదాపు పూర్తిగా హరించిపోయినది.

కాని ఎంత పాత సీసమైనను, ఎంత మందపు గోడయైనను ఒక పనిని చేయజాలదు. బయటినుండి వచ్చు రొదను అది ఆపును. స్ఫటికము లోపలనే పుట్టు రొదను ఆపజాలదు. పొటాసియపు కిరణము నమూనానుండి న్యాయముగనే స్ఫటికములో ప్రవేశించినది. అచ్చట ఎలక్ట్రానును తాకి తప్పించుకొన్నది. ఈ రొదకు గోడ అడ్డము కాదు. పైగా ఇచ్చట ఒక విచిత్రమున్నది. శిఖరములను సూదివలె చూపు జెర్మేనియములో, పరమాణుసంఖ్య తక్కువ కావుటచే, కిరణములు పూర్తిగా మ్రింగబడుట తక్కువ. పరిక్షేపణము పాలు ఎక్కువ. చూపు ఎంత నిశితమైనదో మెట్ట అంత పెద్దది. అందుచే రొదను మరియొక తీరున పట్టుకొనవలసివచ్చినది. ఆ తీరునకు బీజము కాంప్టన్ కనుగొన్న ఫలితముమీద చెలరేగిన వివాదముననే పడినది.

1924లో నీల్స్ బోర్, క్రామర్స్, స్లేటర్ అనువారు ఒక వాదమును ప్రతిపాదించిరి. శక్తి నిత్యత్వము ప్రతి యొక్క తాకుడులోను నిలువనక్కరలేదు. అనేకమైన తాకుడుల సగటున నిలిచిన చాలును అని వారి అభిప్రాయము. అదియే నిజమైనచో కిరణము మరలుటయు, ఎలక్ట్రాను ఎగురుటయు ఒకే క్షణమున జరుగవలసిన పని లేదు. దీనిని పరీక్షించుటకు బెర్లినులో వాల్టర్ బోటే, హాన్స్ గైగర్ అనువారు రెండు గణకములను ఎదురెదురుగ ఉంచిరి. ఒకటి ఎగిరిన ఎలక్ట్రానును పట్టును. రెండవది మరలిన కిరణమును పట్టును. రెండును ఒకేమారు పలుకునా, వేరు వేరు వేళల పలుకునా? 1925లో వచ్చిన సమాధానము స్పష్టమైనది: ఆకస్మికముగ జరుగుటకు వీలులేనన్ని మారులు అవి ఒకేమారు పలికినవి. బోర్ ప్రభృతుల వాదము వీగిపోయినది. ఈ సమకాలిక పద్ధతికై బోటేకు 1954లో నోబెల్ బహుమానము లభించినది. 1930లో ఇటలీ దేశస్థుడు బ్రూనో రోస్సి ఈ పద్ధతికి రేడియో వాల్వులతో ఒక విద్యుత్ వలయమును నిర్మించెను. ఆనాటి యింటి రేడియోలలో పాటలు వినిపించిన ట్రయోడు వాల్వులవంటివే ఇచ్చట రెండు మూడు గణకములు ఒకేమారు పలికినపుడు మాత్రమే గుర్తు వేయు కావలివాండ్రైనవి.

ఇపుడు మార్గము తోచుచున్నది. జెర్మేనియములో ఎలక్ట్రానును తాకి తప్పించుకొన్న కిరణము శూన్యములో కలిసిపోదు. ఎటో ఒక దిక్కునకు పోవును. ఎలక్ట్రాను ఎగిరిన క్షణముననే అదియు బయలుదేరునని బోటే, గైగర్ చూపిరి. పది సెంటీమీటర్లు దాటుటకు దానికి సెకనులో వందకోట్లవ వంతు కూడ పట్టదు. కావున జెర్మేనియము చుట్టును మరియొక స్ఫటికమును కోటగోడవలె అమర్చినచో, తప్పించుకొన్న కిరణము దానిని తాకి దానిలో మెరుపు పుట్టించును. జెర్మేనియమును, చుట్టునున్న కోటయు ఒకేమారు పలికినచో, "ఇది పూర్తి శక్తి కాదు, కొంత బయటికి పోయినది" అని తెలియును. విద్యుత్ వలయము ఆ గణనను త్రోసివేయును. జెర్మేనియము పలికి, కోట మౌనముగ నున్నప్పుడు మాత్రమే గణనను స్వీకరించును. రోస్సి వలయము రెండును పలికినచో "ఔను" అన్నది. ఈ వలయము రెండును పలికినచో "కాదు" అనును. పారిపోవు కిరణమే తన అబద్ధపు సాక్ష్యమును తాను బయటపెట్టుచున్నది. ఆకాశమునుండి కోటను చీల్చుకొని వచ్చు విశ్వకిరణములు కూడ ఈ విధముననే దొరకిపోవును.

కోటకు మొదట సోడియం అయొడైడును వాడిరి. దాని సాంద్రత ఘనసెంటీమీటరుకు 3.67 గ్రాములు. తరువాత బిస్మతు జెర్మనేటు అను స్ఫటికము వచ్చినది. దాని సాంద్రత 7.13 గ్రాములు. బిస్మతు పరమాణుసంఖ్య 83. పారిపోవు కిరణము సులభముగ చిక్కును. అందుచే కోటగోడలు పలుచబడినవి. కోబాల్టు-60 కిరణములతో పరీక్షించినప్పుడు, కోట లేని జెర్మేనియములో నూరు గణనలకు సుమారు 20 మాత్రమే శిఖరములో పడగా, మంచి కోట ఉన్నప్పుడు స్వీకరింపబడిన నూరింటిలో 55 లేక 60 వరకు శిఖరములోనివే అగును. కేంద్రకమునుండి ఒకేమారు వెలువడు రెండు కిరణములను జతగా కొలుచు పరిశోధకునకు ఈ తేడా ఇంకను గొప్పది. కోట లేనపుడు రెండును సరియైన జతలు నూటికి 4. కోట ఉన్నపుడు నూటికి 36 వరకు. 1986లో ఇంగ్లండులోని డేర్స్‌బరీ పరిశోధనశాలలో ఇట్టి అమరికతోనే, అతివేగముగ తిరుగు డిస్ప్రోసియము-152 కేంద్రకము కోడిగ్రుడ్డుకంటెను సాగి పొడవు వెడల్పునకు రెండింతలై యుండునని కనుగొనిరి. సుమారు 47 యూనిట్ల సమానమైన ఎడముతో నిచ్చెనమెట్లవలె నిలిచిన 19 రేఖలు దానికి సాక్ష్యము. కాంప్టన్ మెట్టను అణపకున్నచో ఆ సన్నని మెట్లు కనబడెడివి కావు.

మన దేశమున ఇట్టి కోటలు తొడిగిన జెర్మేనియము శోధకములను ఒకచోట చేర్చి భారత జాతీయ గామా వ్యూహము అను పేర నిర్మించిరి. అది ముంబయి, ఢిల్లీ, కలకత్తా నగరములలోని త్వరణయంత్రములవద్ద వంతులవారీగా పనిచేసినది. తెలుగునాట ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో ముఖ్యులు స్వామి జ్ఞానానంద. పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టి, సన్యసించి, ఐరోపాలో కిరణముల వర్ణపటములమీద పరిశోధనలు చేసిన ఆ మహనీయుడు 1950 తరువాతి సంవత్సరములలో వాల్తేరునందు ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుకేంద్రక భౌతికశాస్త్ర విభాగమును తీర్చిదిద్దెను. అచ్చటి పరిశోధనశాల ఆయన పేరు ధరించియున్నది.

ఈ పద్ధతికిని హద్దులు కలవు. వానిని చెప్పకుండుట న్యాయము కాదు. కోబాల్టు-60 సంగతి చూడుడు. దాని రెండు కిరణములు దాదాపు ఒకేమారు వెలువడును. ఒకటి జెర్మేనియములో పూర్తిగా మ్రింగబడి, రెండవది పోయి కోటను తాకినచో, నిజమైన గణనయే అబద్ధమని త్రోసివేయబడును. సీసియము, పొటాసియము ఒంటరి కిరణములను పంపును గనుక వానికి ఈ నష్టము లేదు. అందుచే మెలకువగల పరిశోధకుడు త్రోసివేసిన గణనలను పారవేయక వేరొక పట్టికలో దాచియుంచును. ఒంటరి కిరణములకు ఒక పట్టికను, జంట కిరణములకు రెండవదానిని చూచును. కిరణము నమూనాలోనే తాకి శక్తిని పోగొట్టుకొని స్ఫటికమునకు వచ్చినచో, ఆ మోసమును కోట కనిపెట్టజాలదు. శోధకమును పట్టియుంచు లోహపుతొడుగులు, కోటలో నమూనాకై విడిచిన ద్వారము - ఇవన్నియు కిరణము తప్పించుకొను సందులే. కాబట్టి మెట్ట అణగునే గాని పూర్తిగ అంతరింపదు.

రొదగా తోచిన ఈ పరిక్షేపణమునే కన్నుగా చేసికొనినవారును కలరు. అమెరికా అంతరిక్షసంస్థ 1991 ఏప్రిల్ 5వ తేదీన ఒక గామా వేధశాలను కక్ష్యలో ప్రవేశపెట్టి దానికి కాంప్టన్ పేరు పెట్టినది. అందలి ఒక దూరదర్శినిలో కిరణము మొదటి పొరలో ఎలక్ట్రానును తాకి, రెండవ పొరలో చిక్కుకొనునట్లు అమర్చిరి. రెండు తాకుడుల స్థానములను, రెండుచోట్ల పడిన శక్తిని కొలిచి, గోలీల లెక్క ప్రకారము కిరణము ఆకాశమున ఏ దిక్కునుండి వచ్చినదో నిర్ణయించిరి. గామా కిరణములను కుదించుటకు గాజు కటకములు పనికిరావు. కాంప్టన్ లెక్కయే అచ్చట కటకమైనది. 2000 జూన్ 4వ తేదీన ఆ వేధశాలను సముద్రముపై కూల్చువరకు అది పనిచేసినది.

తుదకు మరల పాలగిన్నె వద్దకు వత్తము. పరీక్షచేసినవారు నివేదికలో "సీసియము లేదు" అని వ్రాయరు. "కిలోగ్రాముకు ఇన్ని బెకరెలులకంటె తక్కువ" అని వ్రాయుదురు. చదువువారికి అది తప్పించుకొను మాటవలె తోచవచ్చును. కాని రొద ఎంత ఉన్నదో తెలిసినవాడు నిజాయితీతో చెప్పగలిగిన మాట అదియే. ఆ సంఖ్య పరిమితికి చేరువగ నున్నచో పరీక్ష మనకు ధైర్యము నీయలేదన్నమాట. పరిమితిలో పదియవ వంతైనచో తల్లి నిశ్చింతగ బిడ్డకు పాలు పట్టవచ్చును. సీసపు గోడ, చల్లని స్ఫటికము, చుట్టునున్న కోట, రెండు స్పందనములు ఒకేమారు వచ్చెనా యని క్షణక్షణము చూచు వలయము - ఇవన్నియు ఆ ఒక్క సంఖ్యను తగ్గించుటకై పడు శ్రమ. కావున ఇట్టి నివేదిక ఏదైన పత్రికలో కనబడినపుడు "తక్కువ" అను మాటతో తృప్తిపడక, ఎంతకంటె తక్కువయో ఆ సంఖ్యను కూడ చదువుడని మా మనవి.